ఎడమ మెడ, కుడి మెడ

“నాలుగు గంటలకి టీవీ వాళ్ళు ఊళ్ళోకి వస్తారు. ఏం అడగాలనుకుంటావో ఆ లోపల అడుక్కో కృపామణీ. ఆ తర్వాత ఈ పిల్ల కోర్టు సొత్తు,” అన్నాడు సీఐ మునిప్రసాద్, కుర్చీలో వెనక్కి వాలి.

“నీ దగ్గర అడుక్కునే రోజులు పోయినాయప్పా. కుర్చీ ఒకటి వేయించు, కూర్చొని అడుగుతాను,” అన్నాను.

వేయించలేదు. నేనే లాక్కున్నాను.

మునిప్రసాదూ నేనూ ఒకే ఏడు ఎస్సైలుగా చేరాం. పైవాళ్ళు చెప్పినట్టు కేసు రాయనన్నందుకు నేను ఖాకీ విప్పేసి, తిరుపతి బస్టాండు ఎదుట మేడ మీద డిటెక్టివ్ బోర్డు తగిలించుకున్నాను. చెప్పినట్టల్లా రాసి అతను సీఐ అయ్యాడు. ఎదురుపడినప్పుడల్లా ఇద్దరికీ అది గుర్తొస్తుంది. అతనికి కాస్త ఎక్కువ గుర్తొస్తుందని నా నమ్మకం.

బల్లకి అవతల కూర్చున్న పిల్ల పేరు కోమలి. పలమనేరుకి దగ్గర్లో ఉన్న బోడిగుట్టపల్లెలో పశువులకి టీకాలు వేసే ఉద్యోగం. జూన్‌లో ఊళ్ళో ప్రతి గొడ్డుకీ గొంతువాపు రాకుండా టీకా వేసింది. ఆగస్టు వానలు పడ్డాయో లేదో అదే గొంతువాపుతో పద్దెనిమిది గేదెలు చచ్చాయి. అసలు మందు బయట అమ్ముకుని నీళ్ళు పొడిచిందని ఊరు కేసు పెట్టింది. బోరింగు కుళాయి దగ్గర ఆమె సిరంజిలోకి నీళ్ళు ఎక్కిస్తుంటే కళ్ళారా చూశానని పాల సెంటర్ మునిచంద్ర వాంగ్మూలం ఇచ్చాడు. ఈ పూట అరెస్టు చూపించేస్తే ఉద్యోగమూ పోతుంది, ఆ ఊళ్ళో ఇక బతుకూ ఉండదు. నన్ను ఈ కేసులోకి దించింది కోమలి తల్లి ఆనందమ్మ. మొన్న తిరుపతి బస్సెక్కి వచ్చి, నా ఆఫీసు మెట్ల మీదే కూలబడి, “నా బిడ్డ ఆ పని చెయ్యలా తల్లీ” అని ఒక్కటే మాట పట్టుకుంది.

“కోమలీ, నిజం చెప్పు. మందు అమ్మినావా?”

“అమ్మింటే ఈడ కూర్చోనుండను, యాడన్నా మేడ కట్టుకోనుంటా.” ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి గానీ గొంతు మాత్రం వణకలేదు. “సంతకం పెట్టమంటా ఉండారు. నీళ్ళు పొడిసినానని నా చేత్తో రాయించాలంటే ముందు ఈ చెయ్యి ఇరగ్గొట్టాల.”

మునిప్రసాద్ గుర్రుగా చూశాడు. నాకు మాత్రం ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

“టీకా వేసిన పొద్దు ముందు ఏ వీధి?”

“కిందివీధి. అది అయినాక మీదివీధి.”

“మందు సీసాలు వీధికి వేరేనా?”

“లేదక్కా, అట్లెందుకు? ఒకటి అయిపోతే ఇంకోటి తెరుస్తాం. కిందివీధి ఆఖరింట్లో తెరిచిన సీసా సగమే అయింది. ఆ మిగతా సగం మీదివీధి మొదటింట్లో ఏసినా. పోలేరమ్మత్త వాళ్ళది.”

“పోలేరమ్మ గేదెలు?”

“నిక్షేపంగా ఉండాయి.”

“కిందివీధి ఆఖరి ఇల్లు ఎవరిది?”

కోమలి తల దించుకుంది. “మాదే. రెండు ఎనుముల్లో ఒకటి సచ్చిపోయింది. ఇంకోటి మేత ముట్టడం లే, సిక్కి శల్యమైపోయింది.”

“సూది యాడ వేస్తావు?”

“ఎడమ మెడకి. తాడు పట్టుకునే మనిషి కుడిపక్క నిలబడతాడు గదా. ఎప్పుడూ ఎడమ పక్కే.”

నేను మునిప్రసాద్ వైపు తిరిగాను. “ఒకే సీసాలో పై సగం నీళ్ళు, కింది సగం మందు ఉంటుందా?”

“ఆ సీసా కథ చెప్పేదెవరు? ముద్దాయి.”

“పోలేరమ్మ కూడా చెబుతుంది.”

“ఆమె బంధువు.”

“ఈ చుట్టుపక్కల బంధువు కానిదెవరు? నువ్వు నాకు వరసకి ఏమవుతావో మా అమ్మనడిగితే ఇప్పుడే చెబుతుంది. ఇంకేముంది నీ దగ్గర?”

“ఐస్ డబ్బా. వాళ్ళింట్లో పట్టుకున్నాం. అందులో ఐసు ముక్క కూడా లేదు.”

“టీకా వేసి రెండు నెలలైందయ్యా! మీ ఇంట్లో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంటుందే, దాంట్లో ఐస్‌క్రీమ్ ఉంటుందా? ఆవాలు ఉంటాయి.”

తలుపు దగ్గర కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మునిప్రసాద్ మొహం నల్లబడింది. “నాలుగు గంటలకి,” అన్నాడు మళ్ళీ. “ఊళ్ళోనే సీన్ చూపిస్తాం. చేతనైతే అప్పుడు మాట్లాడు.”

“మాట్లాడతాను. మైకు నా వైపు కూడా పెట్టమను,” అని లేచాను.

బయట కారులో డాక్టర్ అఖ్సా, ఒళ్ళో పెట్టెతో కూర్చుని ఉంది. పెట్టెలో మైక్రోస్కోపు. అఖ్సాది పలమనేరే. తిరుపతిలో పశువైద్యం చదువుకుని, గొడ్ల ఒంట్లో చేరి బతికే పరాన్నజీవుల మీదే పని చేస్తోంది. రాత్రి ఫోన్లో ఆనందమ్మ గేదె ఎలా చిక్కిపోయిందో నేను చెబుతుంటే రెండు ప్రశ్నలు వేసింది. జ్వరం వచ్చి పోతోందా, కళ్ళు మసకలుగా ఉన్నాయా అని. రెండింటికీ అవునన్నాను. పొద్దున్నే తన మందుల సంచీతో సహా వచ్చి నా కారెక్కింది.

బోడిగుట్టపల్లెలో నేను చేసిన పని ఒక్కటే. రెండు వీధులూ నడిచి, ప్రతి గడప ముందూ ఒకటే ప్రశ్న అడిగాను. మీ గొడ్డు బతికిందా, చచ్చిందా?

కిందివీధిలో చావు లేని ఇల్లు లేదు. మీదివీధిలో చచ్చిన ఇల్లు లేదు. వినడానికి బాగుంది గానీ, ఇంత తిన్నగా ఉండే లెక్కని నేను నమ్మను. మొదట తలుపు తియ్యని ఇళ్ళకి రెండోసారి నడిచేసరికి రెండు ఇళ్ళు తేడాగా దొరికాయి. కిందివీధిలో ఉండి కూడా గేదె బతికినవాడు ఏబెల్. మీదివీధిలో ఉండి కూడా గేదెని పోగొట్టుకున్నవాడు పెంచలయ్య. పోలీసులకి మొదటి ఫిర్యాదు ఇచ్చింది కూడా ఈ పెంచలయ్యే.

ఏబెల్‌కి వీధి మలుపులో టీ అంగడి ఉంది. టీ ఇచ్చి, డబ్బు వద్దన్నాడు.

“నీ గేదె పాలు యాడ పోస్తావు అన్నా?” అనడిగాను.

“యాడా పొయ్యను. ఈ గిన్నెలోకే. నా అంగడికే సాలవు.”

“కిందివీధి వాళ్ళంతా?”

“మునిచంద్ర సెంటర్‌కే. మీదివీధికి డెయిరీ వ్యాను వస్తాది. వాళ్ళు దానికి పోస్తారు.”

పెంచలయ్య దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ గుంజ వైపు చూడకుండా ఉండటానికి అటు వీపు పెట్టాడు.

“పెద్దాయనా, మీదివీధంతా వ్యానుకి పోస్తారంట. నువ్వు?”

“వ్యాను వాళ్ళతో నాకు మాటా మాటా వచ్చింది. మునిచంద్ర దగ్గరే పోస్తా ఉంటి.” అని, వెంటనే విసురుగా, “అయితే ఏందంట? పాలు పోస్తే ఎనుము సస్తాదా?” అన్నాడు.

చావదు. కానీ చావు వీధుల్ని చూసి రాలేదని, పాల సెంటర్‌ని చూసి వచ్చిందని నాకు తేలిపోయింది. ఏబెల్ దగ్గరికి మళ్ళీ వచ్చాను.

“మునిచంద్ర గేదెలు ఏమైనాయి?”

“వాటికేం! ఏనుగుల్లాగా ఉండాయి.” ఏబెల్ గొంతు తగ్గించాడు. “ఒక మాట మేడం. ఎండాకాలంలో ఆయప్ప దూరం సంత నుంచి ఒక ఎనుము తెచ్చినాడు. కొన్నాళ్ళకి అది గిరగిరా తిరిగి పడిపోయింది. ఎవరో డాక్టరు కార్లో వచ్చి మూడు గొడ్లకీ సూదులు పొడిసి పొయ్యినాడు. ఊళ్ళో కోమలి ఉండగా బయటి నుంచి డాక్టరెందుకో నాకు అర్థం కాలా.”

మునిచంద్ర పాల సెంటర్ రెండు వీధులూ కలిసే చోట ఉంది. ముందు క్యాన్లు, వెనక కొట్టం. మనిషి తెల్లచొక్కాలో, నుదుట బొట్టుతో, ఎవరొచ్చినా ముందు నవ్వే రకం. అలా నవ్వేవాళ్ళ దగ్గర నేను నవ్వను. నేరుగా కొట్టంలోకి నడిచాను. మునిచంద్ర వెనకే వచ్చాడు.

మూడు గేదెలు నల్లగా మెరుస్తున్నాయి. అఖ్సా ఒక్కొక్క దాని మెడా తడిమి, నా చెయ్యి పట్టుకుని కుడివైపు పెట్టించింది. చర్మం కింద నిమ్మకాయంత గడ్డ. రెండోదానికీ ఉంది. మూడోదానికీ ఉంది. మూడూ కుడి మెడ మీదే.

“ఏంది ఈ గడ్డలు?” అన్నాను.

“కోమలి పొడిసిన టీకాయే మేడం. ఎంత మోటుగా పొడిసిందో సూడండి.”

“కోమలి ఎడమ మెడకి వేస్తుంది.”

“ఆ పొద్దు కుడికి ఏసింది.”

“ఊరంతా ఎడమకి వేసి, నీ ఇంటికొచ్చేసరికి చెయ్యి మార్చుకుందా?”

నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మారాయి. “పాలు పోసే టైమవతా ఉండాది. క్యాన్లు కడగాల,” అని వెళ్ళిపోయాడు.

వీధిలోకి రాగానే అఖ్సా అంది: “టీకా గడ్డ కాదు కృపా. సర్రా అని ఒక జబ్బు ఉండాది. దాని మందు పొడిస్తే ఇట్లాంటి గడ్డ కట్టి చాన్నాళ్ళు ఉంటాది. ఆనందమ్మ గేదెని చూద్దాం పద.”

ఆనందమ్మ మమ్మల్ని చూడగానే ఎదురొచ్చింది. కొట్టంలో ఆమె గేదె పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంది. అఖ్సా చెవి దగ్గర నెత్తురు తియ్యబోతే తల విదిలించింది. “కొంచెం తవుడు చూపిస్తే నిలబడతాది. ఉండాదా?” అంది అఖ్సా. గోడవారన మూతకి తాడు కట్టిన తవుడు డబ్బా ఉంది. నేను దాని వైపు చెయ్యి చాపానో లేదో, “ఉండండమ్మా, తెస్తా ఉండా” అంటూ ఆనందమ్మ పరుగున పక్కింటికి పోయి, చేటలో తవుడు అప్పు తెచ్చింది.

నాకు అది వింతగా తోచింది. కానీ అప్పటికి అఖ్సా నెత్తుటి చుక్కని గాజుపలక మీద వేసేసింది, నా ధ్యాస అటు పోయింది.

“చూడు,” అంది తను, మైక్రోస్కోపు నుంచి తలెత్తి.

చూశాను. ఎర్రటి కణాల మధ్య సన్నటి పురుగులాంటిది మెలికలు తిరుగుతోంది. దాని దెబ్బకి పక్కన ఉన్న కణాలన్నీ కదులుతున్నాయి. ఇంకొకటి. ఇంకో రెండు.

“ఇదే సర్రా. గేదెలో అయితే గుర్రంలో మాదిరి వెంటనే పడగొట్టదు. చాలాసార్లు నెలల తరబడి గమ్మునుంటాది. పాలు కొంచెం తగ్గుతాయి, మనిషి ఎండనుకుంటాడు, మేతనుకుంటాడు.”

“దీనికీ గొంతువాపుకీ ఏం సంబంధం? గొంతువాపు వేరే జబ్బు కదా.”

“వేరే జబ్బే. దానికి తలుపు తీసింది ఇది.” అఖ్సా చేతులు తుడుచుకుంది. “ఒంట్లో కావలి కాసే కణాలుంటాయి. అవి ఈ క్రిమిని దాని పైపొరను బట్టి గుర్తుపడతాయి. ఇది ఆ పొరని చొక్కా మార్చినట్టు మార్చేస్తుంది. కొత్త చొక్కాని గుర్తుపట్టేలోపల ఇంకోటి. కావలి కణాలు దీని వెంట తిరిగి తిరిగి అలిసిపోతాయి. అంతటితో వదల్దు. జబ్బు తగ్గినాక ఇంక పోరు చాలు, ఆపండి అని ఒళ్ళు తనకి తానే చెప్పుకునే సంకేతాలు కొన్ని ఉంటాయి. జబ్బు ముదురుతా ఉండగానే ఈ క్రిమి వాటిని పుట్టిస్తుంది. దాంతో పోరాడాల్సిన కణాలు చేతులు ముడుచుకుంటాయి. పాత జబ్బుల్ని గుర్తుపెట్టుకున్న కణాలు కూడా చెడిపోతాయి.”

“మరి టీకా?”

“టీకా అంటే శత్రువు ఫొటో చూపించి, వీడొస్తే పట్టుకోండి అని నేర్పడమే గదా. నేర్చుకునేవాళ్ళే లేనప్పుడు ఫొటో ఎవరికి చూపిస్తావు? కోమలి వేసింది అసలు మందే. వేసింది మాత్రం అప్పటికే ఓడిపోయిన ఒంట్లోకి.”

“ఒక గొడ్డు నుంచి ఇంకో గొడ్డుకి ఎట్లా పోతుంది ఇది?”

“జోరీగలు కుట్టి మోస్తాయి.”

“జోరీగ కుట్టే ముందు పాలు యాడ పోస్తావని అడగదు కదా. ఏబెల్‌ని వదిలేసి, మీదివీధి దాకా పోయి పెంచలయ్య గేదెనే కుట్టడానికి?”

అఖ్సా నన్నే చూసింది. “నెత్తురంటిన సూది కూడా మోస్తుంది. ఒకే సూదితో వరసగా పొడిస్తే.”

ఇద్దరం ఒకేసారి వీధిలోకి, మునిచంద్ర సెంటర్ ముందున్న పాల క్యాన్ల వైపు చూశాం.

పాల సూది గురించి తెలియని పాడి ఊరు ఉండదు. దూడ చచ్చిన గేదె చేపదు, పాలు దింపకుండా తన్నుతుంది. పితికే ముందు ఒక సూది పొడిస్తే నిమిషంలో పాలు దిగుతాయి. ఆ పనికి ఆ మందు వాడటం నేరం. సెంటర్‌కి పాలు తగ్గకూడదని మునిచంద్ర తెల్లారగట్టే ఇల్లిల్లూ తిరిగి పొడుస్తున్నాడన్నమాట. ముందు తన గేదెకి, తర్వాత అదే సూదితో అందరి గేదెలకీ. తన గేదెకి సర్రా ఉందని తేలగానే బయటి డాక్టరుని పిలిపించి తనవాటిని బాగుచేయించుకున్నాడు. మిగతా ఊరికి చెప్పాలంటే సూది సంగతి చెప్పాలి. చెప్పలేదు. వాటి ఒళ్ళు గుల్లవుతుంటే చూస్తూ ఊరుకున్నాడు. తీరా అవి చచ్చాక వేలు కోమలి వైపు చూపించాడు.

ఇది నా ఊహ. రుజువు కావాలి. కిందివీధిలో పది మంది ఆడవాళ్ళని అడిగాను. అందరిదీ ఒకే జవాబు.

“పాల సూదా? అంటే ఏంది మేడం?”

వాళ్ళ భయం నాకు తెలుసు. ఒప్పుకుంటే కేసు. పైగా ఆ ఊళ్ళో సగం ఇళ్ళకి పాలే కూడు. తప్పు తమదీ ఉందని తెలిసి నోరు కుట్టేసుకున్నారు. అయినా నాకు మండింది. ఒక్క ఆడపిల్ల మీదికి ఊరంతా కలిసి తోసేసినప్పుడు లేని భయం ఇప్పుడెక్కడి నుంచి వచ్చింది?

అఖ్సా తొమ్మిది గేదెల నెత్తురు చూసింది. మునిచంద్రకి పాలు పోసే ఇళ్ళ గేదెలు అయిదింటిలో నాలుగింటికి సర్రా ఉంది. ఏబెల్ గేదెకి లేదు. మీదివీధి గేదెలు మూడింటికీ లేదు.

నాలుగింటికి జీపు వచ్చింది. వెనక రెండు టీవీ కార్లు. జీపులో ఇద్దరు కానిస్టేబుళ్ళ మధ్య కోమలి. ఊరంతా పాల సెంటర్ ముందు పోగైంది. మునిప్రసాద్ టోపీ సర్దుకుని మైకులు చూసి గొంతు సవరించుకునేలోగా నేను మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

చెప్పాల్సిందంతా చెప్పాను. సగం సీసా, రెండు తేడా ఇళ్ళు, కుడి మెడ గడ్డలు, నెత్తుట్లో పురుగు. అఖ్సా మైక్రోస్కోపు అరుగు మీద పెట్టి, “ఎవరైనా వచ్చి చూడొచ్చు” అంది. ఎవరూ కదల్లేదు.

మునిచంద్ర చప్పట్లు కొట్టాడు. నిజంగానే కొట్టాడు.

“కథ బాగుండాది మేడం. జోరీగలు కుడితే కూడా ఆ జబ్బు వస్తాదంట కదా, డాక్టరమ్మనే చెప్పమనండి. నా గొడ్లకి నేను వైద్యం చేయించుకుంటే నేరమా? నేను ఊరికి సూది పొడిసినానంటారు. యాడ ఆ సూది? ఎవరికి పొడిసినానో ఒక్కర్ని చెప్పమనండి!”

ఊరు నేల చూపులు చూసింది.

“సూది చూపించు కృపామణీ,” అన్నాడు మునిప్రసాద్, కెమెరాల వైపు ఒక చిరునవ్వు పారేసి. “చూపిస్తే వింటాను. లేదంటే పక్కకి తప్పుకో, నా పని నన్ను చేసుకోనీ.”

“తప్పుకోను.”

“లాగించెయ్యమంటావా?”

“లాగించు. టీవీలో బాగుంటుంది.”

ఆ మాటైతే అన్నాను గానీ నా దగ్గర ఇంకేమీ లేదు. చుట్టూ చూశాను. జనం వెనక ఆనందమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఆమె కూతుర్ని చూడటం లేదు. నన్నూ చూడటం లేదు. తన ఇంటి గుమ్మం వైపు చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు, చేటలో తవుడు.

నా క్లయింటే నా దగ్గర దాచింది! తిరుపతి దాకా వచ్చి నా మెట్ల మీద ఏడ్చిన మనిషి. పోయి ఆ డబ్బా నేనే బోర్లించేయగలను. కానీ అందులో ఉన్నది నా చేతికి దొరికితే, దొరికింది కోమలి ఇంట్లో అవుతుంది. మునిప్రసాద్‌కి రుజువు నేనే అందించినట్టు. ఆ తల్లే నోరు తెరవాలి. ఇంకెవరు తెరిచినా పిల్ల మునుగుతుంది.

“ఆనందమ్మా,” అన్నాను. “ఇంట్లో తవుడు డబ్బా పెట్టుకుని పక్కింట్లో ఎందుకు అప్పు తెచ్చినావు?”

అందరూ వెనక్కి తిరిగారు. మునిచంద్ర గబుక్కున, “ముసిల్దానికి మతి సరిగ్గా లేదు, ఆమెనెందుకు లాగేది?” అన్నాడు.

జీపులోంచి కోమలి పిలిచింది. “అమ్మా?”

ఆ పిలుపుకి ఆనందమ్మ కదిలింది. ఇంట్లోకి వెళ్ళింది. డబ్బా రెండు చేతులతో ఎత్తుకొచ్చి, తాడు పీకి, కెమెరాల ముందే బోర్లించింది. తవుడుతో పాటు ప్లాస్టిక్ కవర్లో చుట్టిన మూట పడింది. అందులో గోధుమరంగు సీసా, లావుపాటి సిరంజి, సూది. సూది మొదట్లో నెత్తురు ఎండి నల్లగా ఉంది.

“చూశారా!” మునిప్రసాద్ ముందుకు దూకాడు. “ముద్దాయి ఇంట్లోనే!”

“దాన్ని ముట్టుకోవద్దు సారూ,” అంది ఆనందమ్మ. అంత గట్టిగా ఆమె మాట్లాడగలదని నాకు తెలియదు. “అది నా బిడ్డది కాదు. ఆ మునిచంద్రది. నా ఎనుము దూడ సచ్చిపోతే చేపలా. ఆయప్ప తెల్లారుజామున వచ్చి పొడిసేవాడు. నా బిడ్డ నిద్ర లేసేలోపల రమ్మని నేనే చెప్పినా. దానికి తెలిస్తే ఒప్పుకోదు. పాల సూది తప్పని ఊరంతా చెప్పేది అదే కదా. నేనే దాని కండ్లు కప్పినా.”

చెయ్యెత్తి మునిచంద్ర వైపు చూపించింది.

“మీరు ఇల్లు సోదా చేసి పొయ్యినాక ఈ మూట తెచ్చి ఇచ్చినాడు. సోదా అయిన ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎతకరు, దాచు అన్నాడు. నోరిప్పితే నీ కూతురిదే అని చెబుతా, మూసుకుంటే నాలుగు నాళ్ళలో ఇడిపిస్తా అన్నాడు. నమ్మినా. నా సిగ్గు కోసం నా బిడ్డని జైలుకి పంపతా ఉండా. సాలు. నన్ను తీసుకపోండి.”

“అబద్ధం!” అని మునిచంద్ర అరిచాడు. “కూతుర్ని కాపాడుకోను నా మీద తోస్తా ఉండాది. ఊళ్ళో ఒక్కరు చెప్పమనండి ఆ సూది నాదని!”

ఎవరో గొంతు సవరించుకున్నారు. పెంచలయ్య. కర్ర ఊతంతో జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మొదటి ఫిర్యాదు ఇచ్చిన పెంచలయ్య.

“నీదే,” అన్నాడు. “ఆ సూదే. నా ఎనుముకీ పొడిసినావు. ఉగాది కాడి నుంచి.”

“మాకూ పొడిసినాడు,” అంది ఒకావిడ వెనక నుంచి.

“మాకూ.”

తర్వాత ఎవరెవరు అన్నారో నాకు తెలియలేదు. గొంతులు కలిసిపోయాయి. మునిచంద్ర కొట్టం వైపు జారబోతే ఏబెల్ టీ గిన్నె చేత్తోనే అడ్డంగా నిలబడ్డాడు. కానిస్టేబుళ్ళు పట్టుకున్నారు.

మునిప్రసాద్ నా పక్కకి వచ్చి పళ్ళ సందున అన్నాడు: “నేనింకా నమ్మలేదు.”

“నువ్వు నమ్మనక్కర్లేదు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకో. కొత్తగా ఉంటుంది నీకు.”

మునిప్రసాద్ జీపు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. కోమలి దిగింది.

తల్లీ కూతురూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఆనందమ్మ చెంప మీద దెబ్బ పడబోతున్నట్టు కళ్ళు మూసుకుంది. కోమలి తల్లిని దాటుకుని తవుడులో పడున్న సూది దగ్గర కూర్చుంది. దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది. లేచినప్పుడు ఆమె మొహం చూసి నాకు భయమేసింది.

“డాక్టరమ్మా, మునిచంద్రకి ఇంకా రెండూర్లలో సెంటర్లుండాయి,” అంది. “ఇదే సూది ఆడా తిరిగింటాది. ఆడా నేనే టీకా ఏసినా, అదే వారంలో. ఆడ ఇంకా గొంతువాపు రాలా.”

అఖ్సా తలెత్తి ఆకాశం చూసింది. గుట్ట మీద మబ్బు పట్టి ఉంది. వాన ఈ రాత్రికో రేపటికో.

“సర్రా మందుండాదా?”

“నా సంచీలో ఉండేది ఓ పది గొడ్లకి. మిగతాది తిరుపతి నుంచి తెప్పిస్తా.”

“తెప్పించండి. సూదులు ఎన్నుండాయి?”

“కట్ట ఉండాది.”

“ఒక గొడ్డుకి ఒక సూది. వాడినది మళ్ళీ ముట్టను,” అంది కోమలి, ఊరందరికీ వినబడేలా. తర్వాత తన కొట్టంలోకి నడిచి, చిక్కిపోయిన ఆ గేదె ఎడమ పక్కన నిలబడింది. కొత్త సూదితో సిరంజిలోకి మందు ఎక్కించింది. ఒకసారి ఆగి, గుమ్మంలో కదలకుండా నిలబడిపోయిన మనిషి వైపు మొదటిసారి చూసింది.

“అమ్మా,” అంది. “ఊరికే నిలబడినావే? రా, వచ్చి తల పట్టుకో.”